మద్దయ్య మోకాలికి ఇరవై ఒక్క ఉపవాసాలు

శుక్రవారం ఉపవాస ప్రార్థన పది గంటలకు మొదలవుతుంది. మద్దయ్య పన్నెండున్నరకు వస్తాడు. ఒంటిగంటకు ప్రార్థన ముగించి ఆడవాళ్ళు గిన్నెల మూతలు తీస్తారు. మధ్యలో ఉన్న ఆ అరగంటే మద్దయ్య భక్తి.

ఆదోనిలో పత్తి మిల్లుల వెనకాల ఉన్న రేకుల కప్పు చర్చి అది. గాలి లేచిందంటే మిల్లుల్లోంచి దూది పింజలు కొట్టుకొచ్చి కిటికీ చువ్వలను పట్టుకొని వేలాడతాయి. శుక్రవారాలు అక్కడికి ఓ పదిహేను మంది ఆడవాళ్ళు వస్తారు. పాస్టరు దేవరాజు ఎలాగూ ఉంటాడు. ఆరు నెలలుగా మద్దయ్య కూడా.

మద్దయ్యకు అరవై దాటాయి. ముప్పయ్యేళ్ళు మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోశాడు. ఇప్పుడు పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. సాయంత్రం నాలుగుకు డ్యూటీ ఎక్కుతాడు. పిల్లలు లేరు. భార్య రాణెమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఆమె బతికున్నన్నాళ్ళు ప్రతి శుక్రవారం సైకిలు మీద తెచ్చి చర్చి గేటు ముందు దింపేవాడు. "నా పేరు గూడా సెప్పు" అని సైకిలు తిప్పుకొని పోయేవాడు. అలా ఇరవయ్యేళ్ళు భార్య చేత కబుర్లు పంపి దేవుడితో మంచిగానే ఉన్నాడు. ఆమె పోయాక కబురు మోసే మనిషి లేకుండా పోయింది.

రాణెమ్మ పోయిన ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు చర్చిలో ఆడవాళ్ళకు పెద్ద అయిన హనుమంతమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. పొయ్యి మీద దుమ్ము, గిన్నెలో ఎండిపోయిన మెతుకులు, గూట్లో హోటలు పొట్లాల దారాలు ఉండచుట్టి ఉన్నాయి.

"మద్దయ్యా, శుక్రవారం రా" అంది.

"నేనేం ప్రార్థన చేస్తానక్కా?"

"నువ్వేం చెయ్యొద్దు. వచ్చి కూచో. ఒంటిగంటకు బువ్వ పెడ్తాం."

ఆ రెండో ముక్క మద్దయ్యకు బాగా అర్థమైంది.

హనుమంతమ్మకు డెబ్బై ఏళ్ళు. చక్కెర జబ్బు, ఒక కంటికి పొర. గొంతు మాత్రం మిల్లు సైరనే. ఆమె కళ్ళు మూసుకొని ప్రార్థన ఎత్తుకుందంటే పాస్టరు దేవరాజు కూడా మధ్యలో ఒక కన్ను తెరిచి, అయిందా లేదా అని చూసుకొని మళ్ళీ మూసుకుంటాడు.

పగటి డ్యూటీ వాచ్‌మన్ ఉరుకుందు ఈ సంగతి విని పగలబడి నవ్వాడు. "ఉపవాసమంటే తినకుండా ఉండేది గదప్పా! నువ్వు తినేకి పోతాండావేమి?"

"ఉపవాసమన్నాక విడిసేది ఒకటుంటాది. నేను ఆ విడిసేకాడికి పోతా."

"పొద్దున హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జి తిని?"

"అది వేరే లెక్క."

మొదటి శుక్రవారమే చిక్కు వచ్చిపడింది. అక్కడ ఒక పద్ధతి ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక ప్రార్థన అంశం చెప్పాలి. మంజుల దాన్ని పుస్తకంలో రాసుకుంటుంది. మంజుల అంగన్‌వాడీ టీచరు. పిల్లల బరువులు రాసే రిజిస్టరు లాగానే దీనికీ గీతలు కొట్టి తేదీ, పేరు, అంశం, జవాబు వచ్చిన దినం అని నాలుగు గళ్ళు పెట్టింది. జవాబు వచ్చినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెప్తేనే అంశం మీద అడ్డగీత పడుతుంది. అంతదాకా వారం వారం అందరూ దానికోసం ప్రార్థన చేస్తూనే ఉంటారు.

"నీ అంశమేంది మామా?" అంది మంజుల పెన్ను పట్టుకొని.

మద్దయ్య అప్పుడే చాప మీద చతికిలబడి, కాళ్ళు ఎటు మడవాలో తెలియక తంటాలు పడుతున్నాడు. అంశం ఏమీ లేదు. వంకాయ, వేరుశనగ బుడ్డల కూర వాసన తప్ప ఆయన మనసులో ఏమీ లేదు. బువ్వకొచ్చినానమ్మా అని పదిహేను మంది ఆడవాళ్ళ ముందు ఎలా చెప్తాడు? కళ్ళ ముందు తన మోకాలే కనబడింది.

"మోకాలు" అన్నాడు.

"నొప్పా?"

"ఊఁ."

"ఏ కాలు?"

రిజిస్టరు రాసేవాళ్ళతో ఇదే బాధ. మద్దయ్య రెండు కాళ్ళ వైపూ చూసి, "ఎడమది" అన్నాడు. మంజుల రాసుకుంది. పదిహేను మంది "అయ్యో ప్రభువా" అన్నారు. హనుమంతమ్మ అప్పటికప్పుడే లేచి వచ్చి ఆ మోకాలి మీద చెయ్యి పెట్టింది.

ఆ రోజు బువ్వ బాగుంది. జొన్నరొట్టె మెత్తగా ఉంది. హోటల్లో తిన్నట్టు ఎదురుగా గోడ లేదు. "ఇంగ కొంచెం పెట్టుకో మద్దయ్యా, మొహమాట పడొద్దు" అంటూ నలుగురు నాలుగు వైపుల నుంచి వడ్డించారు. ఇంటికి పోతూ మద్దయ్య అనుకున్నాడు: ఒక్క మోకాలికి ఇంత బువ్వ దొరికితే బేరం మంచిదే.

తర్వాత వారం నుంచి మోకాలు పెద్ద సంసారమైపోయింది. గేటు దగ్గరే ఒకరు "మోకాలెట్లుంది మామా?" అంటారు. లోపల ఇంకొకరు వేపనూనె తెచ్చి పూస్తారు. ఒకామె ఇసుక వేయించి మూటకట్టి తెచ్చింది. ఏ కాలో మర్చిపోకుండా మద్దయ్య గడియారం పెట్టుకునే చేతి వైపు అని గుర్తు పెట్టుకున్నాడు. ఒక వారం గడియారం రిపేరుకిచ్చాడు. ఆ శుక్రవారం కుడికాలు కుంటుకుంటూ వచ్చాడు.

"అయ్యో! రెండో కాలికి గూడా పాకిండాది!" అంది హనుమంతమ్మ గుండె మీద చెయ్యేసుకొని.

మంజుల పుస్తకంలో ఎడమ అన్నది కొట్టేసి "రెండూ" అని రాసింది.

చుట్టూ మిగతా అంశాల మీద గీతలు పడుతున్నాయి. ఒకామె అల్లుడు తాగుడు తగ్గించాడు. ఒకామె బర్రె ఈనింది. పాస్టరు గారి బాబుకు దగ్గు పోయింది. మద్దయ్య మోకాళ్ళు మాత్రం పేజీ మీద అట్లాగే ఉన్నాయి. హనుమంతమ్మకు ఇది మాటపడినట్టు అనిపించింది. "ఇన్నేండ్లలో నేను పట్టిన అంశం మూడు నెలలు దాటింది ల్యా. ఇదేందో మొండి మోకాలు" అనేది. ఆ పట్టుదలతో ఇంకా గట్టిగా, ఇంకా సేపు, మద్దయ్య పేరు పట్టి పైకి అరిచేది. "మద్దయ్య, ప్రభువా! రాణెమ్మ మొగుడు! మిల్లు గేటు కాడ ఉంటాడు! మర్సిపోతివేమో!"

మద్దయ్యకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆ మాటలు డ్యూటీలో కూర్చున్నప్పుడు చెవిలో మెదిలేవి. తన పేరును, తన ఇంటి జాడను అంత గట్టిగా, అంత బతిమాలుతూ ఇంకొకరికి చెప్పినవాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. పన్నెండున్నరకు వచ్చేవాడు కాస్తా పన్నెండుకు రావడం మొదలుపెట్టాడు. తర్వాత పదకొండున్నరకు. ఒక శుక్రవారం పాటలు కూడా మొదలు కాకముందే వచ్చాడు. హోటల్లో బజ్జి తినడం కూడా ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తులేదు.

"ఏమప్పా, ఇప్పుడే బయల్దేరినావు? పప్పు ఇంగా పొయ్యెక్కింటాదో లేదో" అన్నాడు ఉరుకుందు.

"నీకేం తెల్సు? గమ్మునుండు."

ఒక వారం దేవరాజు వాక్యం చెప్తూ, కొండ పక్కన ప్రభువు పంచిన రొట్టెలు తిన్న జనం మర్నాడు పడవలెక్కి సముద్రం అవతలికి వచ్చి మళ్ళీ రొట్టెల కోసమే ఆయన్ని వెతుక్కున్న సంగతి ఎత్తుకున్నాడు.  నన్నే అంటున్నాడా ఏమి అని మద్దయ్య అటూ ఇటూ చూశాడు. బువ్వ అయ్యాక పాస్టరును పక్కకు పిలిచాడు.

"అయ్యగారూ, ఆ రొట్టెల కోసం వచ్చినోళ్ళని ఆయన తరిమినాడా?"

"లేదు మద్దయ్యన్నా. కూర్చోబెట్టి ఎంత సేపో మాట్లాడినాడు. ఆకలి తీరిపోయే రొట్టె ఇంకొకటి ఉండాది అన్నాడు. శానామంది అది విని వాళ్ళంతట వాళ్ళే లేచి ఎల్లిపోయినారు."

"వాళ్ళే పోయినారా?"

"వాళ్ళే."

ఆ వారమంతా మద్దయ్యకు ఆ మాటే గుర్తొచ్చింది.

అప్పుడే హనుమంతమ్మ గొలుసు ఉపవాసం పెట్టింది. ఇరవై ఒక్క రోజులు, రోజుకొకరు చొప్పున, పొద్దున్నుంచి సాయంత్రం ఆరు దాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టకుండా. దేనికని? మద్దయ్య మోకాళ్ళకు. మద్దయ్యకు ఎవరూ చెప్పలేదు. ఒక శుక్రవారం పంక్తిలో కూర్చొని రెండో రొట్టె తుంచుతూ చూస్తే హనుమంతమ్మ ముందు పళ్ళెం లేదు.

"నువ్వు తినవేమక్కా?"

"ఈ పొద్దు నాది. ఆరు దాకా."

"ఏమిది నీది?"

"నీ మోకాళ్ళకు ఉపవాసం. రోజుకొకరం ఉంటాండాం. మిగిలిపోయిన దినాలు నేను తీసుకొన్నా. మొత్తం నాల్గు."

"నీకు సక్కెర జబ్బు గదక్కా!"

"సక్కెర నాది. నువ్వు తిను."

తుంచిన రొట్టె మద్దయ్య పళ్ళెంలో పెట్టేశాడు. ఎప్పుడూ అడగకుండానే మూడోది వేయించుకునే మనిషి ఆ రోజు చెయ్యి కడుక్కొని లేచాడు. "మోకాళ్ళు మడ్సలేక తినలేకపోతాండాడు పాపం" అంది ఎవరో వెనకాల.

నయమైందని చెప్పి ముగిద్దామా అనుకున్నాడు. కానీ అలా చెప్పాలంటే నిలబడి సాక్ష్యం ఇవ్వాలి. ఆడవాళ్ళతో అబద్ధమాడటం ఒక ఎత్తు. అందరి ముందు నిలబడి, దేవుడు ఫలానా పని చేశాడని దేవుడి మీదనే అబద్ధం చెప్పడం ఇంకో ఎత్తు. పైన రాణెమ్మ కూడా వింటూ ఉంటుంది. ఆమెకు ఆయన రెండు కాళ్ళ సంగతీ బాగా తెలుసు. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ రోజులు జరిపాడు. ఇరవై ఒక్క రోజులూ అయిపోయాయి.

ఆ తర్వాత గురువారం రాణెమ్మ అన్న కూతురి పెండ్లి అని ఎమ్మిగనూరు వెళ్ళాడు. భోజనం చేసి, నాలుగుకు డ్యూటీ ఉందని చెప్పి బస్టాండుకు వచ్చేసరికి ఆదోని పల్లెవెలుగు కదిలిపోతోంది. నిండా జనం. మద్దయ్య ఇంకేమీ ఆలోచించలేదు. పంచె పైకి దోపి, మూటలు మోసిన నాటి ఊపుతో బస్టాండు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాడు. ఖాళీగా కనబడిన ఒక సీటు మీదికి కిటికీలోంచి టవలు విసిరి, కదులుతున్న బస్సు మెట్టు మీదికి ఎగిరాడు.

లోపలి నుంచి ఒక కేక వినిపించింది.

"ఎవుడ్రా వాడు మొగం మీద టవలేసేది! మనిషి కూచోనుండేది కనపల్లేదా?"

మిల్లు సైరన్. ఆ గొంతు మద్దయ్యకు తెలుసు. ఎమ్మిగనూరులో కంటి పరీక్షకు వచ్చిన హనుమంతమ్మ, ముఖం మీది టవలు తీసి, మంచి కంటితో తలుపు వైపు చూసింది.

"మద్దయ్యా!"

"అక్కా..."

"నువ్వు ఉరికినావు!"

"అక్కా, అది గాదు..."

"ఉరికినావప్పా! కిటికీలోంచి సూస్తినే! ఎవుడో పోలీసొచ్చినట్ల ఉరుకుతాండాడు అనుకుంటి! అది నువ్వా! స్తోత్రం! ప్రభువు ముట్టినాడు!"

బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు గుంపులోంచి తోసుకుంటూ వచ్చాడు. "ఏం పెద్దాయనా, ఈ వయసులో అట్ల ఎక్కుతారా? కాళ్ళిరిగితే మా మీదికొస్తాది."

"ఇరిగేది గాదప్పా, అతుక్కుండేది!" అంది హనుమంతమ్మ. "ఇరవై ఒక్క దినం ఉపవాసముంటిమి ఈ కాలికి!"

"ఏ కాలికమ్మా?"

"రెండిటికీ! మద్దయ్యా, వంచు. ఈడనే వంచు. వీళ్ళు సూడల్ల."

ఎంత చెప్పినా వినదని తెలిసి, మద్దయ్య కడ్డీ పట్టుకొని ఒకసారి వంగి లేచాడు. అరవై ఏళ్ళ మోకాలు టక్కుమంది. "వింటిరా!" అంది హనుమంతమ్మ. వెనక సీట్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకోసారి వంచమన్నారు. కోటకల్లు ఊరు దాటేదాకా వంచుతూనే ఉన్నాడు.

"అక్కా, నేను సెప్పేది యిను..."

"ఇప్పుడేం సెప్పొద్దు. రేప్పొద్దున అందరి ముందర సెప్పు. సాక్ష్యం ఈడ బస్సులో వాడుకొంటే రేపటికి పలచనైతాది."

ముందు సీట్లోంచి ఒక ముసలాయన కర్ర ఆనించి ఇటు తిరిగాడు. పేరు శేషప్ప అని చెప్పాడు. ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు గుంటమగ్గం మీద కూర్చుని నేసినవాడు. ఆదోనిలో కూతురింటికి పోతున్నాడు. పంచె కొంచెం పైకి తీస్తే రెండు మోకాళ్ళూ కొబ్బరికాయల్లా ఉబ్బి ఉన్నాయి.

"నేను మీ దేవుని మనిషిని గాదమ్మా. రేపు మీ చర్చికి రావచ్చునా?"

"మోకాళ్ళకు మతమేందప్పా? రా" అంది హనుమంతమ్మ.

బస్సు ఆదోని చేరేలోపు మంజులకు ఫోను వెళ్ళింది. మంజుల నుంచి పాస్టరుకు, పాస్టరు నుంచి మిగతా అందరికీ.

నాలుగుకు డ్యూటీ మారే వేళ మద్దయ్య ముఖం చూసి ఉరుకుందు టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. అంతా విన్నాక చాలాసేపు నవ్వాడు.

"ఇంగేంది నీ బాధ? నువ్వు సెప్పకనే నయమైపాయ. రేపు నిలబడి స్తోత్రం అను, బువ్వ తిను, రా."

"ఆమె నాల్గు దినాలు పస్తుండాదప్పా. సక్కెర జబ్బు మనిషి."

"ఉంటే?"

"పస్తు నిజం. మోకాలు అబద్ధం."

ఉరుకుందు నవ్వడం ఆపాడు. "సరే, నిజమే సెప్పు."

"నిజం సెప్తే మళ్ల శుక్రవారం నేను యాడికి పోవల్ల?"

ఉరుకుందు టిఫిన్ డబ్బా మళ్ళీ అందుకున్నాడు. సైకిలు తీసుకొని వెళ్ళిపోయాడు.

మర్నాడు మద్దయ్య పది గంటలకే చర్చిలో ఉన్నాడు. ఎప్పుడూ పదిహేను మంది ఉండే చోట ముప్పై మంది ఉన్నారు. హనుమంతమ్మ పెట్టె అడుగున దాచుకున్న పట్టుచీర కట్టుకొని వచ్చింది. ముందు వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో శేషప్ప. కూతురు ఆటోలో తెచ్చి దింపి పోయిందట. రెండు చేతులూ కర్ర మీద పెట్టుకొని, మద్దయ్య మోకాళ్ళనే చూస్తున్నాడు.

పాటలయ్యాయి. "మన మద్దయ్యన్న సాక్ష్యం చెప్తాడు" అన్నాడు దేవరాజు.

మద్దయ్య లేచాడు. మంజుల పెన్ను మూత తీసింది.

"నా మోకాళ్ళకు ఏమీ కాలా" అన్నాడు.

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"అది గాదు. ఇప్పుడు ఏమీ ల్యా. ముందరా ఏమీ ల్యా. మొదట్నుంచీ రెండూ బాగానే ఉన్యాయి. నేను అబద్ధం సెప్పినా."

 మంజుల పెన్ను మూత మళ్ళీ పెట్టేసింది. తర్వాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"ఇరవై ఒక్క దినం!" అంది మంజుల.

"మా ఆడబిడ్డ ఇంట్లో బిర్యానీ చేసిన దినం నేను పస్తుంటి! కోడి బిర్యానీ!" అంది వెనక ఒకామె, ఏడుపు గొంతుతో.

"ఆ యాపనూనె నేను గానుగ కాడికి పోయి తెస్తి!"

హనుమంతమ్మ చెయ్యెత్తింది. అందరూ ఆగారు. ఆమె ముఖం ఎర్రగా ఉంది. గొంతు మాత్రం, మద్దయ్య ఎప్పుడూ విననంత నెమ్మదిగా ఉంది.

"మరి దేనికొస్తివి?"

"బువ్వకు."

"బువ్వ హోటల్లో దొరకదా?"

"దొరుకుతాదక్కా. ఆడ పెట్టి పోతారు. ఇంగ కొంచెం పెట్టుకో అనేటోళ్ళు ఉండరు. ఇంట్లో ల్యాచినప్పట్నుంచి పడుకొనే దాకా నా నోట్లోంచి మాటొచ్చే పనుండదు. ఒగోసారి నా దగ్గు నాకే ఎవురో వచ్చినట్లుంటాది. ఈడ మోకాలెట్లుంది అని అడుగుతారు. లేని మోకాలైనా సరే, అడుగుతాంటే బాగుంటాది." మద్దయ్య తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు. "మొదట బువ్వకే వచ్చినా. ఇప్పుడు అది గాదు. నువ్వు నా పేరు పట్టి అట్ల అరస్తాంటే, ఒక దినం నాకు తెల్సిందక్కా, పైనాయనకు నా పేరు నిజంగానే తెల్సని. రాణి ఇరవై ఏండ్లు సెప్పినా నాకు తెల్లేదు. ఇంగ మీరు బువ్వ పెట్టకున్నా నేను వస్తుంటి. ఇప్పుడు మీరు రావద్దంటే... అది న్యాయమే."

చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం వైపు తిరిగాడు. ఎవరూ తరమలేదు, తనే లేచి పోతున్నానే అన్న ఆలోచన ఒకటి మెదిలింది. కాళ్ళు ఆగాయి.

అప్పుడు శేషప్ప కర్రతో నేల మీద కొట్టాడు.

"ఏమప్పా, నువ్వు పోతాండావు, మరి నా మోకాళ్ళ సంగతేంది? నాయి నిజమైనవి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వకూడదని నోరు మూసుకున్నారు. అది ఆగలేదు. బిర్యానీ పోగొట్టుకున్నామె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. హనుమంతమ్మ భుజాలు కదిలాయి. కోపమో, ఏడుపో, నవ్వో మొదట తెలియలేదు. మూడూ అయి ఉండొచ్చు.

"ఎవురు పొమ్మన్యారు నిన్ను? చెప్పులు ఆడ పెట్టు" అంది. "మంజులా, రాసుకో."

"ఏమని రాయాల పెద్దమ్మా? జవాబు గడిలో నయమైంది అనా, కాలేదు అనా? రోగమే లేకపోతే ఏం రాయాల?"

అందరూ పాస్టరు వైపు చూశారు. దేవరాజు హనుమంతమ్మ వైపు చూశాడు.

"ఇన్ని దినాలైనా ఈ మోకాలికి జవాబేంటికి రాలేదని నేను దేవునితో కొట్లాడుతుంటి. ఆయనకు మోకాలు కాదు, మనిషి కనపడినాడు. మనమే ఎర్రోళ్ళం. ఆ అంశం కొట్టేసి, కింద 'తోడు' అని రాయి."

"మద్దయ్య మామకు తోడు అంటే, చూసినోళ్ళు పెండ్లి అనుకుంటారు!" అంది మంజుల.

ఈసారి రేకులు ఎగిరేలా నవ్వారు. మద్దయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వింది సాలు" అంది హనుమంతమ్మ. "మద్దయ్యా, మమ్మల్ని పస్తులుంచి నువ్వు రొట్టెలు తింటివి గదా. ఈ పొద్దు శేషప్ప మోకాళ్ళకు గొలుసు మొదలు. మొదటి దినం నీది. ఆరు దాకా నీళ్ళు తప్ప ముట్టుకోగాకు. బువ్వ నువ్వే వడ్డించు."

ఆ ఒంటిగంటకు పంక్తిలో ముప్పై మందికీ మద్దయ్యే వడ్డించాడు. గోంగూర పప్పు, కొర్రన్నం, వేయించిన మిరపకాయలు. కడుపు కుక్కపిల్లలా మూలుగుతోంది. శేషప్ప మూడుసార్లు పప్పు అడిగాడు. నాలుగోసారి అడిగినప్పుడు మద్దయ్యకు తన కడుపు సంగతి గుర్తులేదు. ఈయన ఇంట్లో సరిగా తింటున్నాడో లేదో అని మాత్రం అనుకున్నాడు.

నాలుగుకు గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏమైందో తెలుసుకోకుండా పోలేక ఉరుకుందు ఊరికే సైకిలు గొలుసు సరిచేస్తూ, అది ఊడకపోయినా ఊడదీసి మళ్ళీ ఎక్కిస్తూ, ఆరు దాకా అక్కడే తిరిగాడు. మిల్లు సైరన్ మోగింది. హనుమంతమ్మ కట్టిచ్చిన రొట్టె మద్దయ్య ఒళ్ళో ఉంది.

విప్పబోయి ఆగాడు. ఉపవాసం విడిచే ముందు ప్రార్థన చెయ్యాలి. ఇన్నాళ్ళూ అది ఎవరో ఒకరు చేసేవాళ్ళు. మొదట రాణెమ్మ, తర్వాత హనుమంతమ్మ. ఇప్పుడు గేటు, కుర్చీ, తను. తలగుడ్డ తీసి కళ్ళు మూసుకున్నాడు. 

"ప్రభువా," అన్నాడు చివరికి, ఆఫీసులో అర్జీ ఇచ్చేవాడిలా. "శేషప్ప. ఎమ్మిగనూరాయన. మగ్గం నేస్తాండె. ఆదోనిలో కూతురింట్లో ఉండాడు ఇప్పుడు. మోకాళ్ళు. రెండూ నిజమైనవే ప్రభువా, నేను కండ్లారా చూసినా." ఊపిరి పీల్చుకున్నాడు. "మా అక్కకు సక్కెర. కంటికి పొర గూడా. బిర్యానీ పోయినామె పేరు నాకు తెల్దు, నీకు తెల్సింటాది."

"ఎవురితోనప్పా మాట్లాడతాండావు?" అన్నాడు ఉరుకుందు సైకిలు దగ్గర నుంచి.

"గమ్మునుండు. ఇంగా కాలేదు." మద్దయ్య కళ్ళు తెరవలేదు. "ఈడ ఉరుకుందు అని ఒగడుండాడు ప్రభువా. పగటి డ్యూటీ. నోరు పెద్దది గానీ, మనిషి..."

"ఓయ్! నా సంగతి ఏంటికి సెప్తాండావు ఆయనకు?" అని ఉరుకుందు కంగారుగా లేచాడు. కానీ సైకిలు ఎక్కి పోలేదు. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకొని, తన గురించి ఇంకేం చెప్తాడో అని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.